ధర వెనక ఉన్న గంటలు

పట్టకారు మూసుకుందో లేదో ఊర్మిళకు వేళ్ళు చెప్పవు, కళ్ళు చెప్పాలి. మైక్రోస్కోపు కింద వెంట్రుక కంటే సన్నని తీగ కొస కనిపిస్తూ ఉంటుంది. పట్టకారు మొనలు దాని దగ్గరకు వెళ్తాయి, కలుస్తాయి, తీగ కదలకుండా నిలబడుతుంది. అప్పుడు గాని ఆమె ఊపిరి వదలదు. తర్వాత టంకం. ఒక చుక్క మెరుస్తుంది, సన్నగా పొగ లేస్తుంది, చుక్క మసకబారి గట్టిపడుతుంది. మళ్ళీ ఇంకో తీగ.

కీమోతో వేళ్ళు మొద్దుబారకముందు ఈ పని చేస్తున్నప్పుడు చూపు తీగ మీద, మనసు రేడియోలో పాట మీద ఉండేవి. ఇప్పుడు రేడియో కట్టేసి చేస్తుంది.

హాంబర్గ్‌లో ఎల్బే నదికి దక్షిణాన, హార్‌బుర్గ్‌లో కాలువ ఒడ్డునున్న ఎర్ర ఇటుకల వర్క్‌షాపు అది. యజమాని బ్రూన్స్‌తో కలిపి తొమ్మిది మంది. నీటిమట్టం కొలిచే సెన్సార్లు తయారు చేస్తారు. జానెడు స్టీలు గొట్టం, దానికో కేబుల్. నీళ్ళలోకి దింపితే పైన ఎంత నీరు నిలిచి ఉందో చెబుతుంది. చేపల చెరువుల వాళ్ళు కొంటారు, పడవల రేవుల వాళ్ళు కొంటారు, బీరు ఫ్యాక్టరీలు ట్యాంకుల కోసం కొంటాయి.

ఆ సోమవారం పొద్దున బ్రూన్స్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి, ఆమె చేతిలోని తీగ అతుక్కునేదాకా పక్కన నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. గుమ్మాలన్నీ తనకు పొట్టివే అన్నట్టు ఎప్పుడూ కాస్త వంగి నడుస్తాడు.

“ఊర్మిళా, నది వరద తలుపులు చూసే ప్రభుత్వ ఆఫీసు నుంచి మన టెండరుకు జవాబొచ్చింది. మీరూ విక్రాంత్ ఒకసారి రండి,” అన్నాడు. పేరు పెట్టి పిలుస్తూనే ‘మీరు’ అనడం హాంబర్గ్ వాళ్ళ పద్ధతి.

విక్రాంత్ ఆ వర్క్‌షాపులో ఇంకో తెలుగువాడు. కరీంనగర్ నుంచి వచ్చి కెమ్నిట్జ్‌లో చదువుకుని, ఇక్కడ ప్రాజెక్టులు, టెండర్లు చూస్తున్నాడు. ఇద్దరూ చిన్న గదిలో బ్రూన్స్ ఎదురుగా కూర్చున్నారు.

“ఆర్డరు మనకే ఇవ్వాలనుకుంటున్నారు,” అన్నాడు బ్రూన్స్. “కానీ టెండరు వేసింది మనం ఒక్కళ్ళమే. పోటీ లేదు. పోటీ లేనప్పుడు మనం అడిగిన ధర న్యాయమైనదో కాదో వాళ్ళకెలా తెలుస్తుంది? అందుకని లోపలి లెక్క అడుగుతున్నారు. సామాను ఎంత, లాభం ఎంత, ఏ పనికి ఎవరికి ఎంతసేపు పడుతుంది. శుక్రవారంలోగా పంపాలి.”

“ఎవరికి ఎంతసేపో కూడానా?” అంది ఊర్మిళ.

“అన్నిటికంటే ముఖ్యం అదేనట.”

ఈ ఆర్డరు వస్తే ఏడాది పొడుగునా అందరికీ పని ఉంటుంది. రాకపోతే వేసవికి ఇద్దరిని పంపించాల్సి రావచ్చని క్రిస్మస్‌కు ముందే బ్రూన్స్ అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. చెప్పేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు. ఆ ఇద్దరిలో తానుంటానా అని ఊర్మిళ ఆ రోజు నుంచీ అనుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం విక్రాంత్ స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె పని చేస్తుంటే సమయం చూసి రాసుకోవడం అతని పని. ముందు టంకం. తర్వాత గొట్టంలో జిగురు పోసి గాలి బుడగలు తీయడం. ఆ తర్వాత మెట్ల పక్కన పైకప్పు దాకా నిలబెట్టిన నీటి గొట్టంలోకి సెన్సారును దింపి, ఒక్కో గుర్తు దగ్గర ఆపి, అది చెప్పే అంకె సరిగా ఉందో లేదో చూడడం. కేబుల్ జారుతుంటే ఆమె అరచేతులకు తెలియదు. అందుకే మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుని, ఆ బరువును బట్టి దింపుతుంది. ఎవరూ చూడనప్పుడు ఆ చుట్టు తేలిగ్గానే పడేది. విక్రాంత్ చూస్తుంటే రెండుసార్లు విప్పి మళ్ళీ చుట్టుకుంది.

అయిపోయాక అతను అంకెలు చూశాడు. పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

“ఎంతొచ్చింది, చెప్పు,” అంది ఊర్మిళ.

“ఇంతకుముందు కంటే డబుల్ పడ్తున్నదక్కా, కొంచెం తక్కువ.” అతను గొంతు తగ్గించాడు. తెలుగు అర్థమయ్యేవాళ్ళు అక్కడ ఇంకెవరూ లేరు, అయినా తగ్గించాడు. “నువ్వు సెలవు మీద పోకముందు గంటలు సిస్టమ్‌ల ఉన్నయి. అవే ఏస్తా. ఎవరడుగుతరు?”

“అవి ఇప్పుడు నిజం కాదు కదా.”

“ఒకప్పుడు నిజమేనాయె.”

ఆమె సెన్సారును గుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది.

“ఇవి ఇస్తే ఏమైతదో విను,” అన్నాడు విక్రాంత్. “మంచిగ నడిచే షాపుల ఎంత టైం పడ్తదో అంతకే పైసలు ఇస్తమంటరు వాళ్ళు. మిగతాది బ్రూన్స్ మీద పడ్తది. పడంగనే ఆయన నీ దిక్కే చూస్తడు. నాకది మంచిగనిపిస్తలేదక్కా.”

“నాకు మాత్రం అనిపిస్తుందా? రేపు చెప్తానులే,” అంది.

సాయంత్రం భర్త అభినవ్ చారు పెడుతుంటే వంటగది గుమ్మానికి ఆనుకుని ఆమె, పాత గంటల మాట తప్ప, అదంతా చెప్పింది. బయట గాలి కిటికీ అద్దాలను కొడుతోంది. అభినవ్ పోపు వేసి, మూత పెట్టి, స్టవ్ తగ్గించి అప్పుడు ఇటు తిరిగాడు.

“బ్రూన్స్‌కి తెలీదనుకుంటున్నావా?”

“తెలిస్తే ఏదో ఒకటి అనేవారు కదా అభీ. తిరిగొచ్చి ఏడాదవుతోంది. ఒక్క మాట అనలేదు.”

“తెలీకపోతే మాత్రం, కాగితంలో చదివి తెలుసుకోనిస్తావా?”

పాత గంటలు వేస్తే ఆయన కాగితంలో చదివేదీ ఉండదు. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగింది. భర్తకే చెప్పలేని పని రేపు సంతకం పెట్టి ఎలా చేస్తాననుకుంది.

పొద్దున్నే బడికి బయల్దేరేటప్పుడు కూతురు ఈషా వాన కోటు జిప్పు దగ్గర ఊర్మిళ మోకాళ్ళ మీద కూర్చుంది. జిప్పు చిన్న నాలుక వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది.

“ఇష్ మాఖ్ దాస్,” నేను వేసుకుంటాలే అంది ఈషా జర్మన్‌లో. చెయ్యి చాపబోయి, తల్లి ముఖం చూసి ఆగింది. ఆ చేత్తో కోటు అంచును కిందికి బిగించి పట్టుకుని, గడ్డం పైకెత్తి నిలబడింది. ఊర్మిళ ఈసారి జిప్పును చూస్తూ, తొందరపడకుండా పైదాకా లాగింది. అప్పటిదాకా ఈషా కదల్లేదు.

బస్సులో కూర్చున్నాక ఊర్మిళకు అర్థమైంది, ఆ పిల్ల ఇలా ఆగడం ఇది మొదటిసారి కాదని.

బ్రూన్స్ మెట్ల దగ్గర నీటి గొట్టం వడపోతను విప్పి కడుగుతున్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఊర్మిళ బ్యాగు కూడా దించకుండా అక్కడికే వెళ్ళింది. వాక్యాలన్నీ బస్సులోనే జర్మన్‌లో కూర్చుకుంది గాని, నోరు తెరిచేసరికి రెండు మూడే మిగిలాయి.

“నా పనికి ఇంతకుముందు పట్టినదానికి దాదాపు రెట్టింపు పడుతోంది. ఆఫీసుకు పంపే లెక్కలో అది కనిపిస్తుంది. మీరు అక్కడ చదివే ముందు నేనే చెప్పాలని.”

బ్రూన్స్ వడపోతను వెలుతురుకు ఎత్తి చూశాడు. జాలీలో ఇరుక్కున్న ఏదో పీచును గోటితో తీశాడు.

“తెలుసు,” అన్నాడు.

ఆమె నిలబడే ఉంది.

“రోజుకు పదిసార్లు మీ బల్ల ముందు నుంచి నడుస్తాను ఊర్మిళా. తెలియకుండా ఎలా ఉంటుంది?”

“మరి ఏమీ అనలేదు.”

“ఏమనాలి? మీరు చేసిన సెన్సారు ఒక్కటీ వెనక్కి రాలేదు. బీరు ఫ్యాక్టరీ వాళ్ళు మీ జబ్బుకు ముందు ఇచ్చిన ధరే ఇప్పుడూ ఇస్తున్నారు. ఎంతసేపు పట్టిందని వాళ్ళు అడగలేదు. తేడా ఏదైనా ఉంటే నా లాభంలోంచి పోతుంది. అది నా ఇష్టం.” వడపోతను చొక్కాకే తుడిచాడు. “మీతో ఆ మాట ఎత్తితే, మీరు తొందరపడతారేమో అనిపించింది. తొందరపడితే తీగలు తెగుతాయి.”

ఊర్మిళ తల ఊపి బల్ల దగ్గరికి వెళ్ళింది. కోటు విప్పి తగిలించింది. మైక్రోస్కోపు దీపం వేసింది. కంటి అద్దం మీద నీళ్ళు పడితే ఏమీ కనిపించదు కాబట్టి కాసేపు వెనక్కి జరిగి కూర్చుంది. ఏడాదిగా ఆ మనిషి కళ్ళబడకుండా వేళ్ళు దాచుకుంది తాను. ఆయనేమో తాను చూస్తున్నట్టు తెలియకుండా చూపు దాచుకున్నాడు.

టంకం మూడో చుక్క దగ్గర ఆయన మాట ఒకటి మళ్ళీ వినిపించింది. ఎంతసేపు పట్టిందని వాళ్ళు అడగలేదు. ఆమె పట్టకారు కింద పెట్టి విక్రాంత్ దగ్గరికి నడిచింది.

“పాత గంటలు వద్దు విక్రాంత్. నిన్న నువ్వు రాసుకున్నవే నిజం. అవే వేద్దాం.”

అతను ముఖం కిందికి దించాడు. “సరే అక్కా. నిన్న నేను అట్ల అనకుండ ఉండాల్సింది.”

“నా కోసమే అన్నావు కదా, తెలుసులే. ఇంకో మాట అడగాలి. ఇదే సెన్సారు బీరు ఫ్యాక్టరీ వాళ్ళు కొంటున్నారు, రేవుల వాళ్ళు కొంటున్నారు. అందరూ ఒకే ధరకి. ఇంతమంది ఇస్తున్న ధర కళ్ళముందుంటే, అది న్యాయమా కాదా అని తెలుసుకోవడానికి నా గంటలెందుకు వాళ్ళకి?”

విక్రాంత్ ఆమె వైపు చూశాడు. తర్వాత కంప్యూటరు వైపు తిరిగి, ఆఫీసు వాళ్ళు పంపిన నిబంధనలు తెరిచాడు. భోజనాల వేళకు రొట్టె పొట్లం చేతిలో పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

“మినహాయింపు ఉన్నదక్కా. బజార్ల అమ్ముడుపోయే వస్తువైతే, అసొంటిదే వేరేవాళ్ళకు అదే ధరకు నిజంగ అమ్మినమని చూపెడ్తే, లోపలి లెక్క అవసరం లేదంట. ఒక్కరే టెండర్ ఏసినా సరే. వాళ్ళు ఫారం పంపేటప్పుడు ఈ ముచ్చట చూసుకోలేదో, మనం ఎవరికీ అమ్ముతలేమనుకున్నరో మరి.”

“క్యాటలాగులో రాసుకుంటే సరిపోతుందా?”

“సరిపోదు. నిజంగ ఎవరన్న ఆ ధర ఇచ్చిండాలె.”

“ఇచ్చారు కదా,” అంది ఊర్మిళ.

బ్రూన్స్ పేరు మీద ఉత్తరం రాశారు. మర్నాడే జవాబు వచ్చింది. ధరలు తనిఖీ చేసే అధికారి ఫ్రావ్ కెల్లర్, అంటే కెల్లర్ గారు, గురువారం స్వయంగా వస్తుంది. అమ్మకాల బిల్లులు చూస్తుంది. ఒకవేళ మినహాయింపు కుదరదని తేలితే అప్పటికప్పుడు ఇవ్వడానికి గంటల లెక్క కూడా సిద్ధంగా ఉంచుకోవాలి.

బుధవారమంతా బిల్లులు తీశారు. హోల్‌స్టైన్‌లో చేపల చెరువులున్న ఒకాయనకు మాత్రం తక్కువ ధరకు ఇచ్చినట్టుంది. విక్రాంత్ ఆ బిల్లును వేళ్ళ మధ్య పట్టుకుని ఊర్మిళ వైపు చూశాడు. ఈసారి ఆమె చెప్పకముందే తానే దాన్ని దాచకుండా మిగతావాటితో పెట్టేశాడు. ఊర్మిళ తన గంటల కాగితం మీద పేరు రాసి సంతకం పెట్టి కవర్లో పెట్టింది.

ఫ్రావ్ కెల్లర్ రెయిన్‌కోటు నుంచి నీళ్ళు కారుతుండగా వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. కాఫీ వద్దంది, వేడినీళ్ళు చాలంది. బిల్లులన్నీ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ చదివి, పెన్సిలుతో చిన్న టిక్కు పెడుతూ పోయింది. గదిలో కాగితాల చప్పుడే ఉంది. ఊర్మిళ తన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఈ చేపలాయనకు ఎందుకు తక్కువ?” అంది కెల్లర్ తల ఎత్తకుండా.

“గొట్టం మీద గీతలు పడ్డవి తీసుకున్నాడు,” అన్నాడు బ్రూన్స్. “చేపలు గీతల్ని పట్టించుకోవన్నాడు.”

“నాతో కూడా అదే అన్నాడు. మీ వెబ్‌సైట్‌లో ఆయన పేరుంటే నిన్న ఫోన్ చేశాను.” ఆ బిల్లు మీద కూడా టిక్కు పెట్టింది. విక్రాంత్ మెల్లగా కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.

“కానీ మేం అడిగిన సెన్సారు సరిగ్గా ఇదే కాదు,” అంది కెల్లర్. “మా కేబుల్ పొడవు. చివర కనెక్టరు వేరు.”

“ఆ రెండూ మేం బయట కొంటాం. కొన్న ధర ఇదిగో,” అని విక్రాంత్ ఇంకో కాగితం జరిపాడు. “లోపల సెన్సారు మాత్రం అదే.”

“అదేనని నేను చూడాలి,” అంది ఆమె, లేస్తూ.

ఊర్మిళ బల్ల మీద రెండు సెన్సార్లు విప్పి పక్కపక్కన పెట్టారు, ఒకటి బీరు ఫ్యాక్టరీకి, ఒకటి ఆఫీసుకు నమూనా. కెల్లర్ మైక్రోస్కోపులో రెండూ చూసింది. తర్వాత పక్కకు జరిగి, “మీరు ఒక తీగ అతికిస్తారా? చూస్తాను,” అంది.

ఊర్మిళ కూర్చుంది. పట్టకారు తీసుకుంది. వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. తీగ కొస మొనల మధ్యకు రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఎవరూ కదలలేదు. చూసుకుంటూ, తొందరపడకుండా, మొనలు కలిసేదాకా ఆగింది. టంకం చుక్క మెరిసి మసకబారింది. ఆమె ఊపిరి వదిలి తల ఎత్తేసరికి కెల్లర్ చూపు తీగ మీద లేదు, ఆమె వేళ్ళ మీద ఉంది.

ఊర్మిళ లేచి సొరుగులోంచి కవరు తీసి చాపింది.

“గంటల లెక్క. నిజమైనదే. ఈ పని నాకు ఎక్కువసేపు పడుతుంది. అంతా ఇందులో ఉంది.”

కెల్లర్ కవరు అందుకోలేదు. చేతులు రెయిన్‌కోటు జేబుల్లో పెట్టుకుంది.

“అది నాకివ్వకండి,” అంది. “ఇస్తే చదవాలి. చదివితే దాని మీద రాయాలి. ఈ వస్తువుకు బజారులో ధర ఉంది, నేను చూశాను. అంతవరకే నా పని. పోటీ లేని చోట మేం లోపలి లెక్క అడిగేది ప్రజల డబ్బు ఎవరూ ఊరికే లాక్కోకూడదని. ఇక్కడ ఎవరూ లాక్కోవడం లేదు. ఈ గది లోపల ఎవరికి ఎంతసేపు పడుతుందో తెలుసుకునే హక్కు ఇక నాకు లేదు.”

ఊర్మిళ చెయ్యి ఇంకా చాపే ఉంది. బ్రూన్స్ ఆ కవరును ఆమె చేతిలోంచి తీసుకుని, తెరవకుండా రెండుగా చింపి, జిగురు గుడ్డలు వేసే చెత్తబుట్టలో పడేశాడు.

గుమ్మం దగ్గర కోటు గుండీలు పెట్టుకుంటూ కెల్లర్ ఊర్మిళతో, “మా అక్కకూ అంతే, వేళ్ళు,” అంది. “చలికాలంలో ఎక్కువవుతుంది కదా?”

“అవునండీ. చలికాలంలో ఎక్కువ,” అంది ఊర్మిళ. జర్మన్‌లో చెబుతున్నా ఆ ‘అండీ’ తెలుగులోనే వచ్చేసింది. ఫ్రావ్ కెల్లర్‌కు అర్థమైనట్టే తల ఊపి వానలోకి వెళ్ళింది.

తర్వాతి వారం, అడిగిన ధరకే ఆర్డరు ఖాయమైందని కబురొచ్చింది. బ్రూన్స్ కాఫీ వేళ అందరినీ పిలిచి ఒక్క వాక్యంలో చెప్పాడు. ఎవరో చప్పట్లు మొదలుపెడితే ఇబ్బందిగా కప్పు ఎత్తాడు. “వేసవికి అందరం ఇక్కడే ఉంటాం,” అని ఇంకో వాక్యం కలిపాడు. విక్రాంత్ ఊర్మిళ వైపు చూసి, “అక్కా, ఇయ్యాల మీ ఇంటికి అన్నానికొస్తున్నా, అభినవన్నకు చెప్పు,” అన్నాడు. ఆమె నవ్వింది.

అందరూ పనుల్లోకి వెళ్ళాక ఊర్మిళ అక్కడే ఉండిపోయింది. బ్రూన్స్ కప్పులు కడుగుతున్నాడు.

“డాంకె,” అంది. థాంక్స్.

“డా నిష్ ఫ్యూర్,” అన్నాడు ఆయన వెనక్కి తిరగకుండానే.

హాంబర్గ్‌లో థాంక్స్ చెప్పిన ప్రతివాళ్ళకూ వచ్చే జవాబు అది. మాటకు మాట ‘దానికి కాదు’, అంటే దానికి థాంక్స్ చెప్పాల్సిన పనిలేదు, అని. బేకరీలో చెబుతారు, బస్సులో చెబుతారు, ఆస్పత్రిలో సూది గుచ్చిన నర్సు కూడా అదే అంది. ఇన్నేళ్ళలో ఆ మాట విన్నప్పుడల్లా ఊర్మిళ చిన్నగా నవ్వి ముందుకు నడిచేది.

ఇవాళ నడవలేదు.

“లేదు,” అంది. “దానికే.”

కొళాయి కింద ఆయన చేతులు ఆగాయి. నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆయన చెవులు మెల్లగా ఎర్రబడడం వెనక నుంచి ఆమెకు కనిపించింది. కాసేపటికి కొళాయి కట్టేసి, గుడ్డ కోసం అటూ ఇటూ చూసి, అది తన భుజం మీదే ఉందని గుర్తొచ్చి తీసుకున్నాడు.

“సరే అయితే,” అన్నాడు బ్రూన్స్.